కుందేలు కోసం కొన్న కెమెరా: ఏడు నెలల తర్వాత నా అభిప్రాయం

"చివరిసారి ఎప్పుడు తిందండీ?" అని డాక్టరు గారు అడిగారు. నేను చెప్పలేకపోయాను. పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందు గడ్డి వేసి వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే అందులో ఎంత తిన్నదో, ఎంత తొక్కి చెదరగొట్టిందో తెలియలేదు. "పోనీ పెంటికలు ఎప్పుడు వేసింది?" దానికీ జవాబు లేదు. ఆరోజు మా కుందేలు దూదికి పెద్దగా ఏమీ కాలేదు. చిన్న నలత, మర్నాటికి తేరుకుంది. కానీ ఆ రెండు ప్రశ్నలు మాత్రం నన్ను వదల్లేదు. రోజు మొత్తంలో దాన్ని నేను కళ్లారా చూసేది మహా అయితే 4 గంటలు. మిగతా 20 గంటలూ అది ఎలా ఉంటుందో తెలియకుండానే "మా కుందేలు భలే హుషారు" అని అందరికీ చెప్తూ వచ్చాను.

అందుకే ఈ కెమెరా కొన్నాను. ఇంట్లో పెట్టుకునే మామూలు వైఫై కెమెరా. పిడికిలంత తెల్ల డబ్బా, చీకట్లో చూడగలిగే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు, అటూ ఇటూ తిరగడానికి ఒక మోటారు, మైకు, స్పీకరు, మెమరీ కార్డు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహావి చాలా కంపెనీలు చేస్తున్నాయి, నేను చెప్పబోయేది దాదాపు అన్నింటికీ వర్తిస్తుంది. డబ్బా మీద పెంపుడు జంతువుల కోసం అని రాసి ఉంది కానీ బొమ్మలో ఉన్నవి కుక్క, పిల్లి మాత్రమే. యాప్‌లో కూడా అంతే. మొదటి రెండు రోజులు దూది కదిలినప్పుడల్లా "పిల్లి కనిపించింది" అని ఫోనుకు మెసేజ్ వచ్చేది. అది పట్టించుకోవాల్సిన లోపం కాదు. అసలు లోపం వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

దూది ఆడది, మూడేళ్లది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఒళ్లంతా తెలుపు, కుడి చెవి చివర మాత్రం బూడిద రంగు. దానికి బోను లేదు. గది మూలన ప్లేపెన్, అంటే చుట్టూ కడ్డీలున్న చిన్న ఆవరణ, అందులో ఒక అట్టపెట్టె, గడ్డి పెట్టే బుట్ట, పక్కనే అది పెంటికలు వేసే మట్టి పెట్టె. కుందేలు గడ్డి తింటూనే పెంటికలు వేస్తుంది కాబట్టి ఆ రెండూ పక్కపక్కనే ఉండాలి.

కెమెరాను ముందు అల్మారా పైన పెట్టాను. గది మొత్తం కనిపించింది కానీ కుందేలు కనిపించలేదు. అంటే వీపు, రెండు చెవులు, అంతే. పైనుంచి చూస్తే ఏ కుందేలైనా ఒక తెల్ల ముద్దే. నాలుగో రోజు కిందికి దించాను. ప్లేపెన్ బయట, నేలకు ఒక జానెడు ఎత్తులో, ఒక పక్కగా పెట్టాను. కుందేలు కళ్లు తలకు రెండు వైపులా ఉంటాయి. వెనక నుంచి ఎవరొచ్చినా చూడగలదు కానీ సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనిపించదు. మనం కూడా దాన్ని పక్క నుంచి చూసినప్పుడే కన్ను, బుగ్గ, మీసాలు, చెవి మొదలు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఈ కెమెరా కొన్నవాళ్లు ఒక్క మాటే అడిగితే నేను ఇదే చెప్తాను: కిందికి దించండి, పక్కకు పెట్టండి. వైరును మాత్రం గట్టి ప్లాస్టిక్ గొట్టంలోంచి తీసుకెళ్లండి. అందేంత దూరంలో వైరు ఉంటే దూదికి అది కొరకడానికి ఒక్క క్షణం చాలు.

మొదటి వారంలోనే నా లెక్కలన్నీ తారుమారయ్యాయి. సాయంత్రం నేను ఇంటికొచ్చి కూర్చుంటే దూది కాసేపు తిరిగి అట్టపెట్టెలోకి వెళ్లిపోయేది. నాతో ఉండటం ఇష్టం లేదేమో, దిగులుగా ఉందేమో అనుకునేదాన్ని. రికార్డింగ్ చూస్తే దాని రోజు వేరేలా ఉంది. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా నిద్ర. మళ్లీ రాత్రి ఒక కునుకు. తెల్లవారుజామున 4:30 నుంచి 6 వరకు మాత్రం అది వేరే జంతువు. కుందేళ్లు తెల్లవారుజామున, సందెవేళ చురుగ్గా ఉంటాయని అంతకుముందే చదివాను. చదవడం వేరు, 5:10కి చీకట్లో నా కుందేలు ఒక్కతే గాల్లోకి ఎగిరి, నడుము ఒకవైపు, తల ఇంకోవైపు మెలి తిప్పి, దిగీ దిగగానే ప్లేపెన్ చుట్టూ మూడు చుట్లు పరుగెత్తడం చూడటం వేరు. కుందేళ్లు పెంచేవాళ్లు ఆ గెంతును బింకీ అంటారు. కుందేలు సంతోషాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పదు. నేను పక్క గదిలో నిద్రపోతున్న సమయంలో మూడేళ్లుగా ఇది జరుగుతూనే ఉంది.

ఇంకొకటి చూసి కంగారు పడ్డాను. రోజూ పొద్దున ఒక వేళకు అది వంగి, కాళ్ల మధ్యకు తల పెట్టి ఏదో నోట్లోకి తీసుకుని నములుతోంది. పుండు నాకుతోందేమో అనుకున్నాను. అవి సీకోట్రోప్స్ అని తర్వాత అర్థమైంది. గుండ్రటి గట్టి పెంటికలు వేరు, ఇవి వేరు. మెత్తగా, చిన్న ద్రాక్షగుత్తిలా ఉంటాయి. పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో గడ్డి పులిసి తయారయ్యే పోషకాలన్నీ వాటిలో ఉంటాయి. కుందేలు వాటిని నేల మీద పడనివ్వకుండా నేరుగా తినేస్తుంది. అది తినడం ఆరోగ్యం. అవి నేల మీద మిగిలి కనిపిస్తేనే ఆలోచించాలి: తిండిలో తేడా వచ్చిందా, లావెక్కి వంగలేకపోతోందా, నడుము నొప్పా అని. కెమెరా లేకపోతే ఆ పని నేనెప్పుడూ చూసి ఉండేదాన్ని కాదు.

ఇప్పుడు అసలు విషయం. కుందేలు మూడ్ తెలుసుకోవడానికి ఈ కెమెరా పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే అది చెప్పదు, మనం చూడాలి. ఒక ఉదాహరణ చెప్తాను. నా ఫోనులో రెండు క్లిప్పులు దాచుకున్నాను. రెండింటిలోనూ దూది ఒకేచోట, నాలుగు కాళ్లూ కిందికి ముడుచుకుని ముద్దలా కూర్చుని ఉంది. మా అమ్మకు చూపిస్తే "రెండూ ఒకటే కదే" అంది. ఒకటి కాదు. మొదటి క్లిప్పులో చెవులు వీపు మీద వదులుగా వాలి ఉన్నాయి, ఒకటి కాస్త ఇటు, ఒకటి కాస్త అటు. కన్ను సగం మూసి ఉన్నా చుట్టూ బిగువు లేదు. ముక్కు నెమ్మదిగా ఆడుతోంది, మధ్యమధ్య ఆగిపోతోంది. బుగ్గ గుండ్రంగా ఉంది. 38 సెకన్ల దగ్గర ఎక్కడో తలుపు చప్పుడైతే ఒక చెవి మాత్రం లేచి అటు తిరిగి, విని, మళ్లీ వాలిపోయింది. తర్వాత అది ఉన్నట్టుండి ధబ్బున పక్కకు ఒరిగిపోయి కాళ్లు చాపేసింది. మొదటిసారి చూసినవాళ్లు గుండె ఆగిపోయిందేమో అనుకుంటారు. అది పూర్తి నమ్మకంతో పడుకోవడం. ఎప్పుడైనా పారిపోవడానికి సిద్ధంగా ఉండాల్సిన జంతువు, పాదాలు నేల మీద ఆనకుండా పడుకుందంటే ఆ చోటు దానికి భద్రంగా ఉన్నట్టే.

రెండో క్లిప్పు నాలుగో నెలలోది. అందులో కన్ను మూసి లేదు, చిట్లించి ఉంది. బుగ్గ లోపలికి లాగినట్టు చదునుగా ఉంది. మీసాలు మామూలుగా పక్కకు వంపు తిరిగి ఉంటాయి, ఇక్కడ నిటారుగా బిగుసుకుని ఉన్నాయి. చెవులు వీపు మీదే ఉన్నాయి కానీ గొట్టాల్లా చుట్టుకుని, గట్టిగా వెనక్కి లాగి ఉన్నాయి. పొట్ట నేలకు ఆనించి, 20 సెకన్లకోసారి కొద్దిగా సర్దుకుంటోంది. ఎలా కూర్చున్నా కుదరడం లేదు దానికి.

ఈ గుర్తులు నేను కనిపెట్టినవి కావు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో కుందేళ్ల నొప్పిని ముఖం చూసి కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. కన్ను ఎంత చిట్లించింది, బుగ్గ ఎంత చదునైంది, ముక్కు ఆకారం, మీసాలు, చెవులు అని ఐదు అంశాలు. ఒక్కోదానికి 0, 1, 2 అని మార్కులు. పేరు రాబిట్ గ్రిమేస్ స్కేల్. డాక్టరు గారే నాకు దాని బొమ్మల పేజీ చూపించారు. కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. ఒంట్లో బాగాలేదని బయటికి చూపిస్తే అడవిలో ముందు దాన్నే పట్టుకుంటారు. అందుకే అది మామూలుగా అరవదు, ఏడవదు. నొప్పి వస్తే నిశ్శబ్దంగా ఒక మూలకు వెళ్తుంది. ఎదురుగా మనిషి ఉంటే ఇంకా బిగబట్టుకుంటుంది. నేను గదిలోకి వెళ్లగానే దూది లేచి మామూలుగా నిలబడేది. నేను లేనప్పటి ముఖం చూపించింది కాబట్టే ఈ కెమెరా మీద నాకు గౌరవం.

ఇక లోపాలు చెప్తాను, ఎందుకంటే కొన్ని చిన్నవి కావు.

మోటారు. ఫోనులో వేలు జరిపితే కెమెరా తల తిరుగుతుంది, మనకు సన్నగా వినిపించే ఒక చప్పుడుతో. కుందేలు మనకంటే చాలా పై స్థాయి శబ్దాలు వింటుంది. మనకు 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దానికి 40,000 దాటి కూడా వినిపిస్తాయి. ఆ మోటారు దానికి ఎలా వినిపించిందో నాకు తెలియదు కానీ మొదటిసారి తిప్పినప్పుడు దూది తింటున్న గడ్డిపరక నోట్లో ఉండగానే బిగుసుకుపోయింది. చెవులు రెండూ నిటారుగా లేచాయి, కళ్లు పెద్దవయ్యాయి, తర్వాత వెనకకాలితో నేలను దబ్బున కొట్టింది. అపాయం ఉందని మిగతావాళ్లకు చెప్పే దెబ్బ అది. ఆ రాత్రి మళ్లీ గడ్డి దగ్గరికి రావడానికి గంట పట్టింది. అప్పటి నుంచి మోటారు వాడలేదు. ఒకసారి సరైన చోట పెట్టి వదిలేయడమే మంచిది. తిరిగే కెమెరాకు ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరం లేదు.

స్పీకరు కూడా అంతే. ఆఫీసు నుంచి "దూదీ, బంగారం" అని పిలిచాను, ప్రేమతోనే. నా గొంతు వచ్చింది, నా వాసన రాలేదు, నేను రాలేదు. డబ్బాలోంచి ఒక గొంతు. అది పరుగెత్తి అట్టపెట్టెలో దూరింది. నాకు చాలా బాధ కలిగింది. దాని నమ్మకంతో ఆ ఆట ఆడకూడదని అర్థమైంది. ఆ బటన్ మళ్లీ ముట్టుకోలేదు.

మైకు గురించి కంపెనీ గొప్పగా చెప్పుకుంది. చుట్టుపక్కల గోలను తీసేస్తుందట. నిజమే, తీసేస్తుంది, దాంతోపాటు కుందేలు చేసే చిన్న చప్పుళ్లు కూడా పోతాయి. తల నిమురుతుంటే దూది పళ్లు మెల్లగా టకటకలాడిస్తుంది. పిల్లి గుర్రుమన్నట్టు అది దాని ఆనందం. నొప్పి ఉన్నప్పుడు పళ్లు నూరడం వేరు, గట్టిగా, ఒక్కొక్కటిగా, కరకరమని వినిపిస్తుంది. ఈ రెండూ పక్కన కూర్చుంటేనే తెలుస్తాయి. మైకుకు రెండూ గోలే. సెట్టింగుల్లో ఆ ఫిల్టర్ తీసేశాక కాస్త నయమైంది, కానీ అప్పటికీ మెల్లటి టకటక రికార్డు కాలేదు. కోపంతో చేసే గుర్రుమనే శబ్దం మాత్రం బాగానే పడింది, మా అమ్మ మట్టి పెట్టె తుడవడానికి చెయ్యి పెట్టినప్పుడు.

రాత్రి బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, బాగుంటుంది. అయితే కెమెరా వైపు సూటిగా చూస్తే కళ్లు తెల్లగా మెరిసి, చిట్లించిందో లేదో తెలియదు. పక్కగా పెట్టమన్నది అందుకు కూడా. ఇన్‌ఫ్రారెడ్ లైట్లలో 850 నానోమీటర్లవి చీకట్లో మసక ఎర్రగా కనిపిస్తాయి, 940వి అసలు కనిపించవు. నాది 850. కుందేళ్ల కంటికి నీలం, ఆకుపచ్చ బాగా తెలుస్తాయి, ఎరుపు అంతగా తెలియదు. దూది దాన్ని పట్టించుకున్నట్టు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది అలర్ట్.

ఈ కెమెరా కదలిక ఉంటేనే మనకు మెసేజ్ పంపుతుంది. దొంగల కోసం తయారైన ఆలోచన అది. ఇంట్లో ఎవరూ కదలకూడదు, కదిలితే ప్రమాదం. కుందేలు విషయంలో సరిగ్గా తలకిందులు. కదిలితే క్షేమం, కదలకపోతే ప్రమాదం. ఇది నాకు నాలుగో నెలలో తెలిసింది.

మామూలుగా నేను లేచేసరికి ఫోనులో 15, 20 మెసేజులు ఉండేవి, అన్నీ ఆ తెల్లవారుజాము గెంతులవే. ఆరోజు 6 గంటలకు లేచి చూస్తే రెండే ఉన్నాయి. రాత్రి హాయిగా నిద్రపోయిందని సంతోషించాను. ఇప్పటికీ ఆ సంతోషం గుర్తొస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. టీ పెట్టుకుని, పది నిమిషాల తర్వాత గదిలోకి వెళ్లాను. దూది లేచి నిలబడింది, ఎప్పటిలాగే. ఆకులు ముందు పెట్టాను. వాసన చూసి తల తిప్పుకుంది. ఆకులు వద్దన్న దూదిని నేను అప్పటిదాకా చూడలేదు. మట్టి పెట్టెలో తాజా పెంటికలు లేవు.

అప్పుడు కూర్చుని రికార్డింగ్ వెనక్కి తిప్పాను. రాత్రి 10:50కి మామూలుగా గడ్డి తింది. 12:20కి గడ్డి దగ్గరికి వచ్చింది, రెండు పరకలు తీసుకుంది, వదిలేసింది. 1:40కి మళ్లీ వచ్చింది, ముక్కు పెట్టి చూసి వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత రాలేదు. 2:15 నుంచి మూలన ఆ ముడుచుకున్న కూర్చోవడం. నాలుగున్నర గంటలకు, అయిదున్నర గంటలకు కూడా అక్కడే. నేను పైన చెప్పిన రెండో క్లిప్పు అదే.

7:30కి ఆసుపత్రిలో ఉన్నాం. ఈసారి "చివరిసారి ఎప్పుడు తిందండీ?" అన్న ప్రశ్నకు నిమిషాలతో సహా జవాబు చెప్పాను. క్లిప్పు చూపించాను. డాక్టరు గారు దాన్ని రెండుసార్లు చూసి, ఆ ముఖంలో నొప్పి ఉంది అన్నారు. ఒంటి వేడి 38 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంది. కుందేలుకు మామూలుగా 38.5 నుంచి 40 దాకా ఉంటుంది, కాబట్టి అది తక్కువ. జీఐ స్టేసిస్ అన్నారు, అంటే పేగుల కదలిక మందగించడం. కుందేలు పేగుల్లోకి ఎప్పుడూ ఏదో ఒక పీచు పదార్థం వెళ్తూ ఉండాలి. తినడం ఆగితే పేగులు మందగిస్తాయి, లోపల గ్యాస్ చేరి నొప్పి పుడుతుంది, నొప్పి వల్ల ఇంకా తినదు. కుందేలు వాంతి చేసుకోలేదు కూడా. 12 గంటలు తినకపోతే దాన్ని ఎమర్జెన్సీగానే చూడాలి, రేపు చూద్దాం అనడానికి లేదు. ఎక్స్‌రే తీసి అడ్డు ఏమీ లేదని చూశారు. ఒళ్లు వెచ్చబెట్టారు, చర్మం కింద ద్రవాలు ఎక్కించారు, నొప్పికి మందు ఇచ్చారు, తర్వాత సిరంజితో మెత్తటి తిండి పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం మిరియపు గింజల్లా చిన్నచిన్న పెంటికలు నాలుగు వేసింది. ఆ నాలుగింటిని చూసి నేనూ అమ్మా ఒకరినొకరు పట్టుకున్నాం.

కారణం పళ్లలో దొరికింది. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమలడం వల్ల అరుగుతూ ఉంటాయి. దూదికి కింది దవడ పళ్లలో ఒకటి సమంగా అరగక, లోపలి వైపు సూదిలా మొన తేలి నాలుకకు గుచ్చుకుంటోంది. అది తేరుకున్నాక మత్తు ఇచ్చి ఆ మొనను అరగదీశారు.

ఇంటికొచ్చాక ఒక పని చేశాను, అది చేయకుండా ఉండాల్సిందని కాదు, ముందే చేయాల్సింది. నా 64 జీబీ కార్డులో సుమారు 6 రోజుల రికార్డింగ్ ఉంటుంది, ఆ తర్వాత పాతది చెరిగిపోతుంది. మిగిలిన రోజులన్నీ చూశాను. జబ్బు పడటానికి నాలుగు రోజుల ముందు నుంచే దూది మధ్యమధ్యలో గడ్డిపరక నోట్లోకి తీసుకుని, రెండుసార్లు నమిలి, తల కొద్దిగా పక్కకు వంచి, వదిలేస్తోంది. ఆకులు మాత్రం తింటోంది, అవి మెత్తగా ఉంటాయి కాబట్టి. బింకీలు మొదటి రోజు మూడు, తర్వాత ఒకటి, తర్వాత రెండు రోజులు లేవు. గడ్డం కింద బొచ్చు తడిగా ఉంది. అన్నీ ఆ కార్డులోనే ఉన్నాయి. నేను సాయంత్రాలు ముద్దుగా ఉన్న క్లిప్పులు మాత్రమే తెరిచి చూశాను.

ఆ రోజు నుంచి వాడే పద్ధతి మార్చాను. అలర్టులు పూర్తిగా ఆపేశాను. పొద్దున లేవగానే రాత్రి రికార్డింగ్‌ను వేగం పెంచి చూస్తాను, 5 నిమిషాలు కూడా పట్టదు. మూడు విషయాలు ఒక నోటుబుక్కులో రాస్తాను. గడ్డి దగ్గరికి ఎన్నిసార్లు వచ్చింది, వచ్చి నిజంగా నమిలిందా. ఒళ్లు చాచి పడుకుందా, లేక రాత్రంతా ముడుచుకునే ఉందా. గెంతిందా. మూడోది ఒక్కరోజు లేకపోతే కంగారు పడను. మొదటిది తగ్గితే ఆరోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తాను. వరుసగా రాస్తుంటేనే దాని మామూలు ఏంటో తెలుస్తుంది. పక్కింటి కుందేలు రోజుకు పదిసార్లు గెంతవచ్చు, మనది ఒక్కసారి గెంతవచ్చు. మన కుందేలును దాని నిన్నతోనే పోల్చాలి.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. నా దగ్గరున్న వస్తువుల్లో కుందేలు ఆరోగ్యం గురించి ఎక్కువ చెప్పేది ఈ కెమెరా కాదు, వంటింటి త్రాసు. వారానికోసారి దూదిని బుట్టలో పెట్టి తూస్తాను. జబ్బుకు ముందు రెండు వారాల్లో అది 90 గ్రాములు తగ్గింది. రెండు కిలోల జంతువుకు అది తక్కువేం కాదు. అంత బొచ్చు కింద అది చేతికి తెలియలేదు, త్రాసు మీద మాత్రం అంకె కనిపించింది. అప్పట్లో తూచాను కానీ అంకెను తీవ్రంగా తీసుకోలేదు. పెంటికలు కూడా అంతే. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు 200, 300 దాకా వేస్తుంది. లెక్కపెట్టక్కర్లేదు, కానీ రోజూ ఊడ్చే చేతికి పరిమాణం తెలిసిపోతుంది. చిన్నవైతే, తగ్గితే, బొచ్చుతో గొలుసులా అతుక్కుని వస్తే, ఆ సంగతి కెమెరా కంటే ముందు చీపురుకు తెలుస్తుంది. కెమెరా ఆ తర్వాతే. అయితే త్రాసుకూ చీపురుకూ తెలియనిది కెమెరాకు తెలుస్తుంది: సమయం. ఏ గంటకు మొదలైందో డాక్టరుకు చెప్పగలగడం చిన్న విషయం కాదు.

ఎవరు కొనాలి? రోజంతా ఇంట్లో లేనివాళ్లు, కుందేలును వేరే గదిలో ఉంచేవాళ్లు తప్పకుండా కొనండి. ఒకే కుందేలు ఉన్నవాళ్లు మరీ. ఒంటరి కుందేలుకు దిగులు ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. ప్లేపెన్ కడ్డీలు గంటలకొద్దీ కొరకడం, ఒకేచోట బొచ్చు పీక్కోవడం, రోజంతా గోడవైపు తిరిగి కూర్చోవడం లాంటివి నెలల తరబడి జరుగుతున్నా మనుషులకు కనిపించవు. దూదిలో అవి లేవు, కానీ పగలు దాని ఖాళీ గంటలు చూశాక ఇంకో కుందేలును తోడు తేవాలని నిర్ణయించుకున్నాను. ముందు వేరువేరు ప్లేపెన్లలో, ఒకదానికొకటి కనిపించేలా ఉంచుతాను. పక్కపక్కన కడ్డీలకు ఆనుకుని పడుకోవడం మొదలుపెడితే ఇష్టపడినట్టు. తోక లేపి, చెవులు వెనక్కి బిగించి కడ్డీల మీదికి దూకితే ఇంకా ఆగాలి. అప్పుడు ఈ కెమెరాకు నిజమైన పని ఉంటుంది.

రోజంతా కుందేలుతో ఒకే గదిలో ఉండేవాళ్లకు దీని అవసరం అంతగా లేదు. వాళ్లు నేల మీద కూర్చుంటే చాలు. కుందేలు ఒకచోట పడుకుని ఉంటే దాని ముందుకు వెళ్లకుండా, పైనుంచి చెయ్యి చాపకుండా, పక్కన కూర్చుని అరగంట ఊరుకోండి. అదే వచ్చి ముక్కుతో నెడుతుంది. గడ్డంతో మీ మోకాలిని రుద్దితే మిమ్మల్ని తనవాళ్లుగా గుర్తు పెట్టుకున్నట్టు, దాని గడ్డం కింద వాసన గ్రంథులు ఉంటాయి.

యాప్‌లో నేను కంపెనీని అడిగింది ఒక్కటే. ఇన్ని గంటలు కదలిక లేకపోతే చెప్పు అనే ఒక ఆప్షన్ ఇవ్వమన్నాను. మూడుసార్లు రాశాను. రెండుసార్లు మామూలు ధన్యవాదాల జవాబు వచ్చింది. మూడోసారి పరిశీలిస్తామన్నారు. ఆ ఆప్షన్ వచ్చేదాకా 5కి 3 ఇస్తున్నాను. బొమ్మకు, రాత్రి చూపుకు ఒక్క మార్కు కూడా తగ్గించలేదు. రెండు తగ్గించింది అలర్టుకు, మోటారుకు.

నిన్న రాత్రి నోటుబుక్కులో రాసుకున్నది: గడ్డికి 14 సార్లు. 2:05 నుంచి 3:30 దాకా చాచి పడుకుంది. 5:17కి ఒక బింకీ, దిగేటప్పుడు కాలు జారి అట్టపెట్టెకు తగిలింది, లేచి ఒళ్లు దులుపుకుని ఇంకొకటి వేసింది.